డాక్టరుగారి స్వరలిపి

పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రంలోనో, ఫార్మాసిటీలోనో షిఫ్టులు చేసుకుంటూ, ఎప్పటికైనా సంగీతం నేర్చుకోవాలన్న కోరికను మనసులో దాచుకున్నవాళ్లుంటారు. ఉద్యోగం ఉండగా అది కుదిరే పని కాదనుకునేవాళ్లు ‘సంగీత సౌరభం’ ఒక్కసారి తిరగేయాలి. తిరుమల తిరుపతి దేవస్థానాలు నాలుగు సంపుటాలుగా అచ్చు వేసిన ఈ స్వరలిపి గ్రంథాన్ని రాసినాయన వృత్తిరీత్యా వైద్యుడు, శ్రీపాద పినాకపాణి.

1913లో పుట్టిన పాణిగారు విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1938లో డాక్టరయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి దగ్గర కొంతకాలం సంగీతం నేర్చుకున్నారు. మద్రాసులో రంగరామానుజ అయ్యంగారి దగ్గర చేరి, తంజావూరు బాణీని పట్టుదలగా పట్టుకున్నారు. రోగులను చూస్తూనే, వైద్యవిద్యార్థులకు పాఠాలు చెబుతూనే ఇదంతా సాగించారు.

ఈ గ్రంథంలో ఆయన పనితనం తెలియాలంటే తోడి రాగం చూడాలి. అందులో గాంధారం నిలకడగా పలికే స్వరం కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. కాగితం మీద ఉత్త ‘గ’ రాసి ఊరుకుంటే, చూసి పాడేవాడికి తోడి దొరకదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఇలాంటి చోట్ల గమక చిహ్నాలు, అంటే స్వరాన్ని ఊపే తీరుకు గుర్తులు, వాడారు. అది మహాగ్రంథం, సందేహం లేదు. కానీ ఆ గుర్తు దగ్గర గొంతు ఎంత ఊపాలో, ఎక్కడ ఆపాలో పక్కన గురువు కూర్చుని చెప్పాలి.

పాణిగారు ఆ ఊపునే స్వరాలుగా విప్పేశారు. అక్షరకాలాన్ని సన్నసన్నని భాగాలు చేసి, గొంతు ఏ స్వరాన్ని తాకి ఏ స్వరం మీదికి జారిందో, సాహిత్యంలో అక్షరం సరిగ్గా ఎక్కడ పడిందో రాసిపెట్టారు. ఒకే పంక్తిని మార్చి పాడే రెండు సంగతుల మధ్య తేడా నాలుగు స్వరాలే కావచ్చు. అయినా ‘పై విధంగానే’ అని వదిలేయరు, వరుస మళ్లీ రాస్తారు. పేజీ కిక్కిరిసి ఉంటుంది, కొత్తవాళ్లకు మొదట బెరుకు పుడుతుంది. తాళం వేస్తూ విలంబంగా పాడి చూస్తే మాత్రం, విడివిడిగా కనిపించిన స్వరాలన్నీ కలిసి ఒక్క గమకమై పలుకుతాయి. వినికిడిని ఇంత నిజాయితీగా కాగితం మీద పెట్టిన పని తెలుగులో మరొకటి నేను చూడలేదు.

కచేరీలకన్నా నేర్చుకోవడం, రాయడం, నేర్పడం మీదే ఆయన జీవితం పెట్టారు. గాయకులు నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్నవాళ్లే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 2013లో తొంభైతొమ్మిదేళ్ల వయసులో కర్నూలులో కన్నుమూశారు.

ఈసారి విశాఖ కళాభారతిలో కచేరీకి బయల్దేరే ముందు, మీరు ఎరిగిన కీర్తన ఒకటి ‘సంగీత సౌరభం’లో తీసి, పల్లవి మాత్రం స్వరాలు చూస్తూ పాడుకోండి. షిఫ్టు దిగి వచ్చాక అరగంట చాలు.