బొమ్మగా వెళ్లిన అక్షరం

2023 జూలై ఆఖరు వారం. ఐతవరం దగ్గర మున్నేరు పొంగి హైవే మీదికెక్కింది. హైదరాబాద్, విజయవాడ బస్సులూ లారీలూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కంచికచర్లలో నా డీటీపీ షాపులోనూ ఊపిరాడడం లేదు. అధిక శ్రావణం నడుస్తోంది. నిజ శ్రావణం ముహూర్తాలకి శుభలేఖలు కావలసినవాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే ప్రింటర్ మొండికేసింది. తెరమీద 'చి.ల.సౌ.' అని శుభ్రంగా కనబడుతోంది. కాగితం మీదికి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ కలగాపులగంగా పడుతున్నాయి. ఎప్పుడూ నందిగామ నుంచి బండేసుకొచ్చే మెకానిక్ "నీళ్లు తగ్గితేగానీ రాలేనండీ" అన్నాడు. హైదరాబాద్‌లో తనకి తెలిసిన ఒక కుర్రాడి నంబరిచ్చాడు.

"బాబాయ్ గారూ, మీ సిస్టంలో ఏనీడెస్క్ ఉందాండీ?" అన్నాడు ఆ కుర్రాడు. ఉంది. దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ చూసి నడపనిచ్చే ప్రోగ్రాం అది. తెరిచి, అందులో కనబడే నంబరు చదివి వినిపించాను. తెరమీద ఒక పెట్టె వచ్చింది: ఫలానావారు మీ కంప్యూటర్ చూడాలంటున్నారు, ఒప్పుకుంటారా? నొక్కాను. రెండు సెకన్లు. నా చెయ్యి మౌస్ మీద లేదు. బాణం కదిలింది.

ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందే కూర్చుంటున్నా, ఆ కదలిక చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా దీని లోపలి పనితనం గురించి చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ, దీన్ని చేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

నన్ను మొట్టమొదట ఆపిన సంగతి ఇది. నా శుభలేఖ అను ఫాంట్లలో ఉంది. తెలుగు డీటీపీ చేసే ఎవరికైనా తెలుసు, ఆ ఫైల్లో కంప్యూటర్ లెక్కకి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో, గుర్తుల స్థానాల్లో మన తెలుగు ముక్కలు సర్ది ఉంటాయి. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే, నా ప్రింటర్ కక్కిన గజిబిజే కనబడుతుంది. హైదరాబాద్ కుర్రాడి దగ్గర అను లేదు. అయినా "ఇక్కడ బానే ఉందండీ, పెళ్లికొడుకు పేరు కింద ఒత్తు కూడా కనబడుతోంది" అన్నాడు. ఫైలు పంపితే చదవలేని మనిషి, తెర పంపితే చదివేశాడు. అతని దగ్గరికి వెళ్లింది నా అక్షరాల బొమ్మ. బొమ్మకి ఫాంటు అక్కర్లేదు.

ఇది యాదృచ్ఛికంగా కుదిరింది కాదు, ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఏనీడెస్క్ లాంటివి తమ లోపలి నియమాలన్నీ బయట పెట్టవు. ఈ జాతిలో అందరూ చదువుకోదగ్గ గ్రంథం వీఎన్‌సీ అనే ప్రోగ్రాం. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఒలివెట్టి, ఒరాకిల్ కలిసి నడిపిన పరిశోధనశాలలో అది పుట్టింది. ట్రిస్టన్ రిచర్డ్‌సన్, క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, కెన్నెత్ వుడ్, ఆండీ హాపర్ 1998లో దాని మీద వ్యాసం రాశారు. ప్రోగ్రాం మొత్తాన్ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. వీళ్లలో స్టాఫర్డ్-ఫ్రేజర్ మరో పనికి కూడా పేరుపొందాడు. 1991లో కేంబ్రిడ్జ్‌లోనే, కాఫీ ఉందో లేదో మెట్లెక్కి చూడనక్కర్లేకుండా, కాఫీ కుండ మీద కెమెరా పెట్టి దాని బొమ్మ అందరి తెరల మీదికీ పంపిన ఇద్దరిలో ఆయన ఒకడు. దూరంగా ఉన్నదాన్ని కూర్చున్న చోటినుంచే చూడాలన్న ఆరాటం ఆ మనుషుల్లో ముందునుంచీ ఉంది. అంతకు చాలా ముందు, 1968 డిసెంబరు 9న, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని మెన్లో పార్కులోని తన సహచరుడితో ఒకే తెర పంచుకుని పనిచేసి చూపించాడు. తన మౌస్‌ని ఆయన లోకానికి మొదటిసారి చూపించింది కూడా ఆ రోజే.

వీఎన్‌సీ వాళ్ల ఉపాయం మన కీసర టోల్‌గేటు దగ్గర నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మిర్చి బస్తాల లారీ అయినా, పత్తి లారీ అయినా, పరిటాల కంకర టిప్పర్ అయినా, హైవే మీద పోయేదేదైనా ఆ గేటు దాటి తీరాలి. కంప్యూటర్‌లోనూ అలాంటి చోటొకటి ఉంది. పేజ్‌మేకర్ గానీ ట్యాలీ గానీ బ్రౌజర్ గానీ, ఏ ప్రోగ్రామైనా చివరికి తన బొమ్మని ఫ్రేమ్ బఫర్ అనే జ్ఞాపకంలో చుక్కలుగా పరచాలి. తెరమీద మనకి కనబడేది అక్కడున్నదే. ఒక్కో ప్రోగ్రాం భాష నేర్చుకునే తంటా పెట్టుకోకుండా వాళ్లు ఆ గేటు దగ్గరే కాపు కాశారు. వాళ్ల నియమావళికి పేరు కూడా 'రిమోట్ ఫ్రేమ్ బఫర్'. రేపు ఎవరో కొత్తగా రాసే ప్రోగ్రాం కూడా దీని గుండా వెళుతుంది. దీన్ని తయారుచేసినవాళ్లకి తెలుగు రాకపోయినా, తెలుగు వెళుతుంది.

అయితే బొమ్మ పంపడం చవక కాదు. లెక్క వేసి చూడండి. నా తెర వెడల్పు 1920 చుక్కలు, ఎత్తు 1080. చుక్కకి 4 బైట్లు. ఒక్క బొమ్మకి దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకి 30 బొమ్మలంటే సుమారు 200 కోట్ల బిట్లు. మా షాపు కనెక్షన్ అందులో ఇరవయ్యో వంతు మొయ్యదు. మరి ఆ బాణం అంత నున్నగా ఎలా కదిలింది?

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. మొదటిది, మారిన ముక్క మాత్రమే పంపడం. నేను ఒక మెనూ తెరిస్తే ఆ మెనూ పట్టినంత మేరే దీర్ఘచతురస్రంగా కోసి పంపుతారు. మిగతా తెర అవతలివాడి దగ్గర ముందే ఉంది కదా. విండోస్ 8 వచ్చాక ఈ ముక్క ఎక్కడ మారిందో విండోసే చెబుతుంది. అంతకుముందు తరచుగా తెరంతా పదేపదే గాలించి కనిపెట్టాల్సి వచ్చేది. రెండోది నాకు మరీ ఇష్టం. పేజీని కిందికి జరిపాననుకోండి. తెర దాదాపు అంతా మారినట్టే. కానీ ఆ బొమ్మ అవతల ఉన్నదే, చోటు మారిందంతే. అప్పుడు 'కాపీ రెక్ట్' అనే పద్ధతిలో, ఈ ముక్కని ఫలానా చోటినుంచి తీసి ఇక్కడ పెట్టుకో అని చెబుతారు. ముక్క చోటు, కొలతలు, పద్ధతి చెప్పడానికి 12 బైట్లు, పాత చోటు చెప్పడానికి 4. తెరనిండా ఉన్న శుభలేఖని జరపడానికి 16 బైట్ల మాట చాలు. ఊళ్లో మేస్త్రి "ఆ బీరువా ఈ గోడకి జరుపు" అంటాడే గానీ, కొత్త బీరువా చేయించి పంపడు.

మూడోది మర్యాద. ఈ నియమావళిలో చూసేవాడు అడిగితేనే చూపించేవాడు పంపుతాడు. "కిందటిసారి తర్వాత ఏం మారిందో పంపు" అని 10 బైట్ల విన్నపం వెళుతుంది. పంపినది అందుకుని, తెరమీద వేసుకుని, మళ్లీ అడుగుతాడు. కనెక్షన్ నెమ్మదిగా ఉంటే అడగడమే ఆలస్యమవుతుంది. ఈలోగా జరిగిపోయిన మధ్య మార్పుల్ని ఎవరూ పంపరు, ఆఖరి స్థితి ఒక్కటే వెళుతుంది. పాత బొమ్మలు వరసలో పేరుకుపోయి దారి మూసెయ్యవు. వేగం ఇంతుండాలని ఎవరూ లెక్కగట్టి పెట్టకుండానే, దారి ఎంత ఉంటే అంతలో సర్దుకుపోతుంది. మనం విస్తరి ముందు కూర్చున్నప్పుడు, తిన్నది చూసి వడ్డించే చెయ్యి ఉంటుంది, చూడకుండా కుమ్మరించే చెయ్యి ఉంటుంది. ఇది మొదటి రకం.

బాణం సంగతి వేరు. తెర బొమ్మతోపాటు బాణాన్నీ పంపితే, చెయ్యి కదిపిన కాసేపటికి గానీ అది కదలదు. పనిచేసేవాడికి పిచ్చెక్కుతుంది. అందుకని చాలా వీక్షక ప్రోగ్రాములు బాణం ఆకారాన్ని ఒకసారి తెప్పించుకుని, చూసేవాడి తెరమీద అక్కడికక్కడే గీస్తాయి. అతని చేతికి వెంటనే స్పందించేది అతని దగ్గరున్న బాణం. నా దగ్గర కదిలేది కాస్త వెనకగా దాన్ని అనుసరించే జోడు. మౌస్ ఎక్కడుందో, ఏ బటన్ నొక్కి ఉందో చెప్పడానికి 6 బైట్లు. మీట నొక్కినా వదిలినా 8 బైట్లు. నొక్కడం ఒక కబురు, వదలడం మరో కబురు. షిఫ్ట్ పట్టుకుని ఇంకోటి నొక్కే మన చేతివాటం అటు క్షేమంగా చేరేది అందుకే.

చూసేవాడి దగ్గరికి బొమ్మగా వచ్చేది, అతని దగ్గరినుంచి వెళ్లేటప్పుడు అక్షరంగా వెళుతుందన్నమాట. యూనికోడ్‌లో మన 'క' 3093వ సంఖ్య. దానికి 1,67,77,216 కలిపి మీట గుర్తుగా పంపే ఏర్పాటు ఉంది. తెలుగు మీట అటువైపు తెలుగుగానే అందుతుంది.

ఇదంతా మెచ్చుకుంటూనే ఒక నసుగు ఉంది, తెలుగు అక్షరం తరఫున. చిన్న కనెక్షన్‌లో సరిపెట్టడానికి ఫోటోలకి వాడే కుదింపు వాడితే, చిన్న గీతలు మసకబారతాయి. ఫోటోలో చెట్టు ఆకు ఒకటి కరిగితే ఎవరికీ పట్టదు. 'థ'కీ 'ధ'కీ కళ్లకు కనబడే తేడా లోపలి చుక్క. ఆ చుక్క కరిగితే పేరే మారిపోతుంది. వీఎన్‌సీలో ఒక్క చుక్కా పోనివ్వని పద్ధతి కూడా ఉంది. తెరని 64 చుక్కల చదరాలుగా కోసి, ఒకే రంగు వరసలు లెక్కపెట్టి కుదిస్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకి అది చక్కగా పనిచేస్తుంది. 2014లో స్టుట్‌గార్ట్‌లో మొదలైన ఏనీడెస్క్ వాళ్లు సినిమా కుదింపుతో సరిపెట్టుకోకుండా కంప్యూటర్ తెరల కోసమే డెస్క్‌ఆర్‌టీ అని సొంత కుదింపు చేసుకున్నారు. తెర అంటే చాలావరకు రాత అని గుర్తించినవాళ్లని నేను ఊరికే మెచ్చుకోవడం లేదు.

ఇక దారి సంగతి. నా కంప్యూటర్‌కి బయటివాళ్లు నేరుగా తలుపు తట్టే చిరునామా లేదు. రూటర్ వెనక ఉంది. అతనిదీ అంతే. ఇద్దరూ లోపలినుంచి బయటికి వెళ్లగలరు, బయటినుంచి లోపలికి ఎవరూ రాలేరు. అందుకని ఇద్దరూ మధ్యలో ఉన్న ఒక సర్వర్‌కి ముందే కబురు పెట్టి ఉంటారు. నేను చదివి వినిపించిన నంబరు ఆ సర్వర్ పద్దులో నా పేరు. ఆ సర్వర్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఆ ఇంటి సంగతి ఈ ఇంటికీ, ఈ ఇంటి సంగతి ఆ ఇంటికీ చెబుతుంది. అప్పుడు రెండు రూటర్ల వెనకనుంచీ ఒకేసారి ఒకరివైపు ఒకరు కబురు వదులుతారు. నేను పంపిన దానికి జవాబు వచ్చిందనుకుని నా రూటర్ అతన్ని లోపలికి వదులుతుంది, అతని రూటర్ నన్ను వదులుతుంది. దారి పడ్డాక పేరయ్య పక్కకి తప్పుకుంటాడు. దారి పడకపోతే ఆయనే మధ్యలో కూర్చుని మూటలు అందిస్తాడు. మూటలకి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఇటూ అటూ తప్ప మధ్యలో ఉండకూడదు. ఎవరూ రహస్యం పంపకుండానే ఇద్దరికీ ఒకే రహస్యం ఏర్పడే లెక్కని డిఫీ, హెల్‌మన్ 1976లోనే ప్రచురించారు.

కుర్రాడు, ప్రింటుకి వెళ్లే పనుల్ని వరసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టబోయాడు. నా తెర మసకబారి, అనుమతి అడిగే పెట్టె వచ్చింది. "బాబాయ్ గారూ, నాకిక్కడ బొమ్మ ఆగిపోయింది. మీ దగ్గర ఏదో అడుగుతుంటుంది, చదివి ఎస్ నొక్కండి" అన్నాడు. విండోస్ ఆ పెట్టెని వేరే తెరమీద చూపిస్తుంది. పెద్ద అధికారాలు ఇవ్వని ప్రోగ్రాం దాన్ని చూడలేదు, నొక్కలేదు. ఇంటి యజమాని వేలే పడాలి. ఫోన్లలోనూ బ్యాంకు యాప్‌లు తమ తెరని ఇలా దాచుకోగలవు, అవతలివాడికి నల్లగా కనబడుతుంది.

ఈ కాపలాలన్నీ మాటలతో దాటించే దొంగలున్నారు. ఇలాంటి యాప్ వేయించి యూపీఐ డబ్బు లాగేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. మా షాపుకి వచ్చే పెద్దవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. నీకు కష్టం వచ్చి నువ్వు ఫోన్ చేసిన మనిషికే తెర ఇవ్వు. వాడంతట వాడు ఫోన్ చేసి "మీ ఖాతా ఆగిపోయింది" అన్నవాడికి ఇవ్వకు. ఇచ్చినప్పుడు కూడా కుర్చీలోంచి లేవకు.

నేనూ లేవలేదు. స్పూలర్‌తో పని కాలేదు. అతను ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఒక్కో పేజీ తెరిచి, ఏదీ మార్చకుండా చదివాడు. బాణం ఒక్కో వరస కింద ఆగి ముందుకి వెళుతోంది. నాకు తెలిసిన పాత కంపోజిటర్లు ప్రూఫు దిద్దేటప్పుడు పెన్సిల్ మొన ఇలాగే నడిచేది. చివరికి ఒక చిన్న గడి దగ్గర ఆగింది. అక్షరాల్ని అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా ప్రింటర్‌కి పంపమనే గడి. టిక్కు పెట్టాడు.

"ఇప్పుడొకటి కొట్టి చూడండి."

కాగితం మాత్రం అతనికి కనబడదు. తెర దాకానే అతని చూపు. బయటికొచ్చిన కార్డుని వెలుతురులో పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. 'చి.ల.సౌ.' సౌ మీది ఔత్వంతో సహా నిలువునా నిలబడి ఉంది.

"వచ్చిందండీ," అన్నాడు. తెరమూల చిన్న పెట్టె మూసుకుంది. బాణం శుభలేఖ మధ్యలో, పెళ్లికూతురు పేరు పక్కన ఆగి ఉంది. మౌస్ మీద చెయ్యి వేసి, యాభై కాపీలకి నొక్కాను.