సాక్ష్యంలో లేని తండా

ఆదివారం పొద్దున ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని బోడుప్పల్, పీర్జాదిగూడ దాటి మేడిపల్లి దాకా వెళితే, దారి పొడవునా ఆరాధన పాటలు వినిపిస్తూనే ఉంటాయి. మందిరమంటే గంటా గోపురమూ ఉన్న కట్టడమే కానక్కర్లేదు. డాబా మీద రేకుల షెడ్డు, అద్దె ఫంక్షన్ హాలు, రెండు షట్టర్లు కలిపిన గది, ఏదైనా సరే. ఈ రోడ్డే జనగామ, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. జాతీయ రహదారి 163 అంటారు. మన పిల్లలు చాలామంది ఈ దారినే పట్నం చేరారు. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనికి వచ్చినవాళ్లున్నారు, చదువుకు వచ్చినవాళ్లున్నారు, ఇళ్ల కట్టుబడి కూలికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి ఊరుగాని ఊళ్లో మొదటి చుట్టరికం ఆ రేకుల షెడ్డు కిందే కుదిరింది.

ఎవరు ఎవరిని నమ్మాలన్నది వాళ్ల ఇష్టం. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు అది. దాని జోలికి మేం పోవడం లేదు. మేం చూడదలచింది ఒక సాహిత్య రూపాన్ని. ఆ రూపం పేరు సాక్ష్యం. మన యువత ఇవాళ కథలకన్నా, కవితలకన్నా ఎక్కువగా చెబుతున్నది అదే. దాన్ని సాహిత్యంగా ఎవరూ చదవలేదు గనక మేం చదువుతున్నాం.

ముందు దాని మేలు చెప్పాలి. తండా నుంచి వచ్చిన ఆడమనిషికి మైకు ఇచ్చి, పేరు అడిగి, నీకేం జరిగిందో చెప్పమ్మా అని కూర్చొని విన్న చోటు పట్నంలో ఇంకేదుంది? గ్రామసభలో కూడా ఆమె మాట పూర్తిగా విన్నవాళ్లు తక్కువ. భర్త సారా మానాడని ఆమె ఏడుస్తూ చెబితే అది నిజమే. ఆ మార్పును చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. మన సంఘాలు, మన పార్టీలు ఆ పని చేయలేకపోయాయి.

కానీ పది సాక్ష్యాలు వరసగా వినండి. మనుషులు వేరు, కథ ఒక్కటే. ఒకప్పుడు చీకటి, మధ్యలో ఒక రోగమో ఒక రాత్రో, ఆ తర్వాత వెలుగు. ఆ చీకటి అనే మూటలో సారాతో పాటు ఇంకేం వేసి కడుతున్నారో చూడాలి. పశువులు చల్లగుండాలని చేసుకునే సీత్ల పండుగ అందులోకే పోయింది. పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోసే తీజ్ అందులోకే పోయింది. కోయల డోలు, చెట్ల మందు తెలిసిన ముసలమ్మ, అన్నీ అన్యాచారాలే. కొట్టిన తాగుబోతు తండ్రి, పాట నేర్పిన అమ్మమ్మ ఒకే మూటలో ఉన్నారు. కథగా చూసినా ఇది లోపమే. మనిషి మారాడని నమ్మించాలంటే వెనక ఉన్నదంతా నల్లగా పూయాల్సిన పని లేదు.

తెలుగు క్రైస్తవ చరిత్రే వేరే సంగతి చెబుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడయ్యాడు. తన రాగాలను, తాళాలను గుమ్మం బయట వదిలి రాలేదు, లోపలికి తెచ్చుకున్నాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు కనబడతాయి. మహారాష్ట్రలో నారాయణ్ వామన్ తిలక్ తుకారాం నడకలో అభంగాలు రాశాడు. వాళ్ల సంగీతం అన్యాచారమని ఎవరూ పారేయలేదు. మరి మన డోలు దగ్గరికొచ్చేసరికి దెయ్యం ఎక్కడి నుంచి వచ్చింది? రాగం పైకులం నుంచి వస్తే సంస్కృతి, దరువు అడవి నుంచి వస్తే చీకటి. ఇది వాక్యంలో ఉన్న తేడా కాదు, కులంలో ఉన్న తేడా. తమాషా ఏమిటంటే, ఇప్పటి ఆరాధనల్లో కీబోర్డు పక్కన ఉండే ప్యాడ్‌లో నుంచి డోలు మోతే వస్తుంది. మీట నొక్కితే పవిత్రం, చర్మం మీద కొడితే పాపం!

మిజోరంలో మొదట్లో ఇలాగే జరిగింది. అక్కడి డోలు ఖువాంగ్‌ను ఆరాధనకు దూరం పెట్టారు. తర్వాత ఉజ్జీవాల కాలంలో జనమే దాన్ని మందిరంలోకి తెచ్చుకున్నారు. ఇవాళ మిజోల లెంగ్‌ఖాం పాట ఖువాంగ్ లేకుండా సాగదు. హైదరాబాదులోనే చూసినా, భక్త్ సింగ్ (1903–2000) నడిపిన హెబ్రోనులో జనం చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చొని ఆరాధించి, కలిసి భోజనం చేసేవాళ్లు. ఈ దేశపు తీరులోనే క్రైస్తవం ఉండొచ్చని ఆయన చేసి చూపించాడు. పందొమ్మిదో శతాబ్దంలో దుమ్ముగూడెం మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ కోయల మాటను, ఆచారాలను పట్టించుకొని ఇండియన్ యాంటిక్వరీలో రాశాడు. ఆయన చూపు దొర చూపే కావచ్చు. అయినా మీ భాషేమిటని అడిగాడు. మేడిపల్లి షెడ్డులో ఆ ప్రశ్న మేం వినలేదు.

ఇక్కడ భాష ఒక్కటే పోవడం లేదు. ఎస్సీల విషయంలో 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీలకు లేదు. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలని కొందరు ఏళ్లుగా ఊరేగింపులు తీస్తున్నారు. కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ కేసులో 2004లో సుప్రీంకోర్టు మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదంది. కానీ ఆ మనిషి తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగకున్న సామాజిక వెనుకబాటు ఇంకా అనుభవిస్తున్నాడా అన్నది సాక్ష్యాధారాలతో చూడాలని కూడా అంది. సాక్ష్యాధారాలు! మన పిల్లవాడు యూట్యూబ్ లైవ్‌లో మా తెగ ఆచారాలన్నీ వదిలేశామని ఉత్సాహంగా చెబుతున్నాడు. ఆ వీడియో ఎవరి చేతికి పోతుందో పాస్టరుగారు ఆలోచించారా? బయట ఉన్నవాడు నువ్వు ఆదివాసివి కావంటాడు. లోపల ఉన్నవాడు అవును కాను అని మనచేతే చెప్పిస్తాడు. ఇద్దరూ బద్ధ శత్రువులే, ఈ ఒక్క మాట దగ్గర మాత్రం చేతులు కలుపుతున్నారు.

నమ్మేవాళ్లు నమ్మే పుస్తకం నుంచే అడుగుతాం. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పెంతెకొస్తు నాడు జరిగిందేమిటి? నానా దేశాలవాళ్లు యెరూషలేములో ఉన్నారు. వాళ్లందరికీ ఒకే భాష నేర్పలేదు. ఎవరి భాషలో వాళ్లకు వినబడింది. మేడిపల్లి కూడికలో గోర్ బోలి, కోయ మాట, తెలుగు తెలిసినవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. అయినా కన్నీళ్ల ప్రార్థన కూడా పుస్తకం తెలుగులోనే. యాడీ అని పిలిచి పెరిగినవాడు మైకు పట్టుకోగానే మా మాతృమూర్తి అంటాడు.

టీచర్లకు ఒక పని చెబుతాం. మీ క్లాసులో ఇలాంటి పిల్లలుంటే వాళ్ల సాక్ష్యాన్ని వాళ్ల ఇంటి భాషలో, తెలుగు అక్షరాలతోనే రాయించండి. విశ్వాసం గురించి ఒక్క ముక్క తీసేయమనొద్దు, వాళ్లు నమ్మింది వాళ్లు రాసుకోనీ. అమ్మమ్మ పేరేమిటి, ఆమె ఏ పాట పాడేది, ఏ జ్వరానికి ఏ ఆకు నూరేది, ఇవి మాత్రం అడగండి. గోర్ బోలిలో చీకటి అన్న మాట ఎక్కడ రాయాలో ఆ పిల్లవాడే చూసుకుంటాడు. రాసినవి మాకు పంపితే తర్వాతి పుస్తకంలో వేస్తాం.