భయం పోయేదాకా ఆగొద్దు

జపాన్‌లోని షికోకు దీవిలో, కోచి ప్రాంతపు పల్లెలో 1874లో పుట్టిన ఒక పిల్లవాడు తొమ్మిది పదేళ్ల వయసులో బౌద్ధాలయంలో నరకం బొమ్మ చూశాడు. ఆనాడు పట్టుకున్న చావు భయం అతన్ని మళ్లీ వదల్లేదు. పెద్దయ్యాక అతనే మానసిక వైద్యుడయ్యాడు. పేరు మోరిటా షోమా. తోట, కట్టెలు, వంటిల్లు, డైరీ, ఇవే మందులుగా ఆయన కట్టిన వైద్యం నూరేళ్లు దాటినా నిలిచి ఉంది. ఆందోళనతో సతమతమయ్యేవాళ్లకు ఇంత సూటిగా దారి చూపిన పద్ధతులు తక్కువ. అందుకే మన పాఠకులకు దాన్ని పరిచయం చేయాలనిపించింది.

ఆ దారి మోరిటాకు పుస్తకాల్లో దొరకలేదు. టోక్యోలో వైద్యం చదివే రోజుల్లో ఆయన్ని గుండెదడ పీడించేది. డాక్టర్లు నరాల బలహీనత అన్నారు, బెరిబెరి అన్నారు. పరీక్షలు దగ్గరపడ్డాయి. అదే సమయానికి ఇంటి నుంచి డబ్బు రావడం ఆగింది. తండ్రి తనను పట్టించుకోవడం లేదని రోషం పొడుచుకొచ్చింది. చస్తే చచ్చానని మందులు అవతల పడేసి, రాత్రింబవళ్లు పుస్తకాల ముందు కూర్చున్నాడు. పరీక్ష బాగా రాశాడు. తీరా చూస్తే, అన్నేళ్లు వేధించిన బాధలు జాడ లేకుండా పోయాయి.

ఆ అనుభవం అర్థం కావడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది. వైద్యుడయ్యాక రోగులకు మందులిచ్చాడు, హిప్నటిజం చేశాడు, నచ్చజెప్పి చూశాడు. ఏదీ నిలకడగా పనిచేయలేదు. 1919లో, చాలాకాలంగా నరాల జబ్బుతో బాధపడుతున్న ఒక నర్సును తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆమె ఇంటిపనుల్లో చెయ్యి వేస్తూ వేస్తూ కోలుకుంది. అక్కడి నుంచి మోరిటా ఇల్లే ఆస్పత్రి అయింది.

ఆయన గమనించింది ఇదీ. భయం జబ్బు కాదు. భయం ఉండకూడదని దానితో కుస్తీ పట్టడమే జబ్బు. నిద్ర రావాలని పట్టుబట్టి పడుకున్నవాడికి నిద్ర రాదు. నలుగురిలో చెయ్యి వణకకూడదని చూసుకునేవాడికి మరింత వణుకుతుంది. గుంజకు కట్టిన గాడిద విడిపించుకోవాలని చుట్టూ తిరిగినకొద్దీ తాడు బిగుస్తుందని ఆయన పోల్చేవాడు. ఈ చిక్కుకుపోవడాన్ని ‘తొరావరే’ అన్నాడు. విరుగుడు ‘అరుగమామ’. తెలుగులో దానికి చక్కని మాట సిద్ధంగా ఉంది: ఉన్నది ఉన్నట్టు.

వైద్యం నాలుగు అంచెలు, మొత్తం సుమారు 40 రోజులు. మొదటి అంచె దాదాపు వారం. రోగి ఒక గదిలో ఒంటరిగా పడుకోవాలి. తిండికీ, కాలకృత్యాలకూ తప్ప లేవకూడదు. చదువు లేదు, మాటలు లేవు, కాలక్షేపం లేదు. మొదటి రోజు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత దాచిపెట్టిన దిగుళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వాటిని తరమొద్దు, మరిపించుకోవద్దు, వచ్చినంతసేపు రానివ్వమంటాడు వైద్యుడు. ఉద్ధృతి బాగా పెరిగాక, అల విరిగినట్టు దానంతటదే తగ్గుతుంది. ఇక విసుగు మొదలవుతుంది. లేచి ఏదో ఒకటి చేయాలని కాళ్లూ చేతులూ లాగుతాయి. మోరిటా ఎదురుచూసేది ఆ విసుగు కోసమే. బతకాలనే కోరిక నిద్ర లేచిందనడానికి అదే గుర్తు.

రెండో అంచెలో రోగి పగలంతా ఆరుబయట గడుపుతాడు. రాలిన ఆకులు ఏరడం, కలుపు తీయడం వంటి చిన్న పనులు. కబుర్లు ఇంకా కూడదు. చీమల బారు ఎటు పోతోందో, నిన్నటి మొగ్గ ఇవాళ ఎంత విచ్చిందో అతని కంట పడుతుంది. తన గుండెదడ లెక్కపెట్టుకునే కన్ను మెల్లగా బయటికి తిరుగుతుంది. రాత్రికి డైరీ రాయాలి. అందులో వైద్యుడికి కావలసింది ఏం చేశావన్నదే, ఎలా అనిపించిందన్నది కాదు. బాధల ఏకరువు పెడితే ఆయన పట్టించుకోడు. అది కఠినత్వం కాదు, గాడిద తాడును ఇంకో చుట్టు బిగించకపోవడం.

మూడో అంచెలో కట్టెలు కొట్టడం, తవ్వడం, వంట, శుభ్రం చేయడం వంటి బరువైన పనులు. నాలుగో అంచెలో బయటి పనుల మీద ఊళ్లోకి వెళ్లి రావడం, మళ్లీ చదువు, ఉద్యోగానికి సన్నాహం.

తోట ఇందులో అలంకారం కాదు, అదే గురువు. వాన పడొద్దంటే ఆగదు. అయినా రైతు మబ్బుతో తగువు పెట్టుకోడు, అదునుకు తగ్గ పని చూసుకుంటాడు. మనసులో మబ్బు కూడా అంతే. లోపలి ప్రకృతి, బయటి ప్రకృతి ఒక్కటేనని మట్టిలో చెయ్యి పెట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఇది అందరికీ కాదు. అతిగా ఆలోచించి, అన్నీ సవ్యంగా ఉండాలని తపించే భయస్థుల కోసం మోరిటా దీన్ని రూపొందించాడు. తీవ్రమైన కుంగుబాటు, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఒంటరి గది విశ్రాంతిని వైద్యుడి కనుసన్నల్లో తప్ప ఇంట్లో సొంతంగా ప్రయత్నించకూడదు.

కానీ అసలు పాఠం ఎవరికైనా పనికొస్తుంది. పరీక్షల వేళ మన పిల్లలతో ‘భయపడకు’ అంటాం. పాపం, భయపడకుండా ఉండటం వాళ్ల చేతిలో లేదు. ‘భయం వేస్తే వేయనీ నాన్నా, ఈ ఒక్క పేజీ చదువు’ అనండి. అది వాళ్ల చేతిలో ఉన్న పని.

1930లో మోరిటా ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. ఆయన దుఃఖాన్ని దాచుకోలేదు, పనీ మానలేదు. 1938లో తన చివరి ఘడియల్లోనూ చావంటే భయమేనని శిష్యుల ముందు ఒప్పుకున్నాడు. నరకం బొమ్మ చూసిన పిల్లవాడి భయం చివరిదాకా పోలేదన్నమాట. ఆ భయాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని ఆయన ఒక జీవితానికి సరిపడా పని చేశాడు. ఈ వైద్యానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.