111 జీవోలో దాగిన లెక్క

హైదరాబాద్ శివారు జన్వాడలో పొలం బేరం మొదలైతే ముందుగా వచ్చే ప్రశ్న: "ట్రిపుల్ వన్‌లో ఉందా?" ఉంది. 1996 మార్చి 8న వచ్చిన ఆ 111 జీవో జాబితాలోని 84 గ్రామాల్లో జన్వాడ ఒకటి. ధరలు పెరగనివ్వలేదని దాన్ని తిట్టుకున్నవాళ్లే ఎక్కువ. తీరిగ్గా చదివితే మాత్రం, ఇంత పొందికగా కుదిరిన సర్కారు కాగితం అరుదనిపిస్తుంది.

అసలు నేర్పు కొలత మొదలుపెట్టిన చోటే ఉంది. నగరానికి తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు వాటి పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్లు అన్నారు. ఉస్మాన్‌సాగర్‌కు ఆ మట్టం 1,790 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు ఎంత వెనక్కి పోయినా ఆ గీత కదలదు. ఎండిన శిఖం చూపించి హద్దు జరుపుతామంటే కుదరదు. ఆ పరిధిలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు నిషేధించారు.

తర్వాత నేల వాడకం. 90 శాతం సాగుకు, తోటలకు, సంరక్షణకు. కొత్త లేఅవుట్ వేస్తే 60 శాతం ఖాళీ జాగాకు, రోడ్లకు. ఎఫ్‌ఎస్‌ఐ సగమే: 200 గజాల ప్లాటులో అన్ని అంతస్తులూ కలిపి వంద గజాలు దాటకూడదన్నారు. విడిగా చూస్తే మామూలు షరతులే. ఒకదాని మీద ఒకటి వేసి లెక్క కట్టండి. వంద ఎకరాల్లో నివాసాలకు పది, అందులో ప్లాట్లకు నాలుగు, కట్టడం విస్తీర్ణం రెండు! మిగతా నేల వాన నీటిని పీల్చుకుని ఆ జలాశయాలను నింపే మూసీ, ఈసీ నదుల్లోకి నిదానంగా వదులుతుంది. దీనికోసం రైతు దగ్గర భూమి సేకరించే పని పడలేదు, కంచె వేసే పని అంతకన్నా లేదు. చిలుకూరులో దుప్పులు, నెమళ్లు తిరిగే మృగవని జాతీయ పార్కుకు కంచె ఉంది, కానీ 3.6 చదరపు కిలోమీటర్ల ఆ అడవి మీదికి నగరం విరుచుకుపడకుండా ఇన్నేళ్లు అడ్డుకున్నది ఈ కాగితమే.

జీవో గట్టిదనం కోర్టులోనూ తేలింది. పెద్దషాపూర్‌లో ఒక నూనెల ఫ్యాక్టరీకి రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చిన మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఒక్క లోపం ఉంది. ఇంత బరువునూ తాగునీరనే ఒకే మేకుకు తగిలించారు. కృష్ణా, గోదావరి నీళ్లు హైదరాబాద్ చేరాక ఆ మేకు వదులైంది. నగరానికి ఈ నీటితో అవసరం తీరిందంటూ 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆంక్షలు ఎత్తేశారు. కానీ ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది దాహం తీర్చడానికే కాదు, 1908 నాటి మూసీ వరద మళ్లీ నగరాన్ని ముంచకుండా ఆపడానికి కూడా. ఆ అవసరం తీరిపోలేదు. కొత్త నిబంధనలు రాసేవాళ్లు వరద దగ్గర నుంచే లెక్క మొదలుపెట్టాలి.