ఆజ్ఞ గోడమీద, కారణం పుస్తకంలో

అధిక పీడనంలో వాయువును ఉక్కు పాత్రలో బంధించి, కావలసిన చోటికి తరలించి వాడుకోవటం నేడు సర్వసామాన్యమైపోయింది. వెల్డింగు షాపులో ఆక్సిజన్, అసిటిలీన్ సిలిండర్లు ఉంటాయి. హోటలు వంటశాలలో ఎల్.పి.జి. ఉంటుంది. సోడా తయారుచేసే చోట బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, ఉంటుంది. ఈ సిలిండర్ల ప్రక్కన గోడమీద చాలాచోట్ల ఒక బోర్డు కూడా కనబడుతుంది. నిలువుగా ఉంచవలెను, నూనె తగలనీయరాదు, ఎండలో ఉంచరాదు, మూత లేకుండా కదపరాదు, ఖాళీ సిలిండర్లను వేరుగా పెట్టవలెను అన్నవి అందులోని సామాన్యమైన ఆజ్ఞలు.

ఈ బోర్డును, దానికి మూలమైన ప్రభుత్వ నిబంధనలను, ఉన్నత పాఠశాలలో చెప్పే వాయు నియమాల పాఠాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చదివితే ఒక లోపం స్పష్టమవుతుంది. బోర్డులో ఆజ్ఞ ఉన్నది, కారణం లేదు. పాఠంలో కారణం ఉన్నది, సిలిండరు లేదు. ఈ రెండింటి నడుమ పనిచేసే మనిషి నిలబడి ఉన్నాడు.

నిబంధనలను తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. మన దేశంలో గ్యాసు సిలిండర్ల నిబంధనలు మొదట 1940లో వచ్చాయి. 1981లోను, 2004లోను, తిరిగి 2016లోను వాటిని క్రొత్తగా రూపొందించారు. సిలిండరును ఈడ్చి, జారవిడిచి కదపకూడదనీ, కవాటాలకు నూనె పూయరాదనీ, మండే వాయువులను ఇతర వాయువుల నుండి వేరుచేసి ఉంచాలనీ అవి విధిస్తాయి. ఇవన్నీ అనుభవం నేర్పిన సత్యాలే. కాని చట్టం భాష వేరు. అది తప్పు జరిగిన తరువాత బాధ్యత ఎవరిదో తేల్చటానికి పనికివస్తుంది. ట్రాలీ దొరకక సిలిండరును ఈడ్వబోయే కుర్రవాని చేతిని ఆపటానికి అది చాలదు. ఆ చేతిని ఆపగలిగేది కారణం తెలిసిన బుద్ధి మాత్రమే. కనుక బోర్డులోని ఆజ్ఞలను ఒక్కొక్కటిగా పరీక్షించి, కారణం తెలియకపోతే ఏమవుతుందో చూడవలసి ఉన్నది.

మొదట మూత సంగతి. పరిశ్రమలలో వాడే పెద్ద ఆక్సిజన్ సిలిండరులో సుమారు 47 లీటర్ల చోటు ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోగ్రాముల పీడనంలో వాయువును నింపుతారు. బాయిల్ నియమం ప్రకారం లెక్క కడితే, బయటికి వస్తే ఆ వాయువు సుమారు 7 ఘనమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. సిలిండరు క్రిందపడి, కవాటం మెడ దగ్గర విరిగి, ఒక చదరపు సెంటీమీటరు రంధ్రం ఏర్పడిందనుకుందాం. వెలువడే వాయువు వెనుకకు నెట్టే బలం మొదట దాదాపు 150 కిలోగ్రాముల బరువంత ఉంటుంది. సిలిండరు బరువో, సుమారు 60 కిలోగ్రాములు. కావున అది నేలమీద పడి ఉండదు, రాకెట్టువలె దూసుకుపోతుంది. ఈ లెక్క చేయటానికి తొమ్మిదవ తరగతి గణితం చాలు. దీనిని ఒకసారి స్వయంగా చేసినవానికి మూత బిగించమని మళ్ళీ చెప్పనక్కరలేదు.

నూనె తగలనీయరాదన్న ఆజ్ఞ మరింత విచిత్రమైనది. మెకానిక్కు జీవితమంతా నేర్చుకున్నది దీనికి సరిగా వ్యతిరేకం. మర బిగుసుకుంటే నూనె వేయాలి. కారణం చెప్పకుండా ఆక్సిజన్ కవాటానికి మాత్రం వేయవద్దంటే, అతడు బోర్డును నమ్ముతాడా, తన చేతి అనుభవాన్ని నమ్ముతాడా? కారణం ఇది. కవాటాన్ని ఒక్కసారిగా తెరిస్తే అధిక పీడనంలోని ఆక్సిజన్ రెగ్యులేటరులోనికి దూకి, అక్కడి వాయువును హఠాత్తుగా నొక్కుతుంది. హఠాత్తుగా నొక్కబడిన వాయువు వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం వేడెక్కటం ప్రతి విద్యార్థీ ఎరిగినదే. ఆ వేడికి, శుద్ధమైన ఆక్సిజన్‌లో, జిడ్డు అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. కవాటాన్ని మెల్లగా తెరవాలన్న మరొక ఆజ్ఞకు కూడా ఇదే కారణం. బోర్డులో ఈ రెండు ఆజ్ఞలూ సంబంధం లేనట్టు వేరువేరు వరుసలలో ఉంటాయి.

నిలువుగా ఉంచవలెనన్నది ఒకే ఆజ్ఞ అయినా దానికి మూడు కారణాలున్నాయి. ఆక్సిజన్ సిలిండరును నిలిపి గొలుసుతో కట్టటం అది దొర్లి పడకుండా ఉండటానికి. ఎల్.పి.జి. సంగతి వేరు. సిలిండరు అడుగున ద్రవం, పైన బాష్పం ఉంటాయి. దానిని పడుకోబెట్టి వాడితే బాష్పానికి బదులు ద్రవమే బయటికి వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల బాష్పమవుతుంది. అది గాలికంటె బరువైనది కనుక నేలమీద పరచుకొని, నిప్పు ఉన్న చోటు దాకా పాకుతుంది.

అసిటిలీన్ కథ మరొకటి. దానిని ఒంటరిగా రెండు వాతావరణాల పీడనం దాటి నొక్కితే, గాలి లేకపోయినా తనంతట తానే విఘటనం చెంది పేలగలదు. అందుచేత సిలిండరులో సూక్ష్మరంధ్రాలు గల పదార్థాన్ని నింపి, దానిని అసిటోన్‌తో తడిపి, ఆ ద్రవంలో అసిటిలీన్‌ను కరిగిస్తారు. పడుకోబెట్టి వాడితే వాయువుతో పాటు అసిటోన్ కూడా బయటికి పోతుంది, పోయినకొద్దీ సిలిండరు తన రక్షణను కోల్పోతుంది. వ్యానులో పడుకోబెట్టి తెచ్చిన సిలిండరును నిలబెట్టిన వెంటనే వాడకూడదు, ద్రవం క్రిందికి దిగేవరకు ఆగాలి. కారణం తెలియనివాడు నిలబెట్టగానే ఆజ్ఞ తీరిందనుకుంటాడు. అసిటిలీన్‌తో చెలగాటం ఎంతటివారికీ తగదని గుస్తాఫ్ డాలెన్ చరిత్ర చెబుతుంది. దీపస్తంభాల కోసం ఈ వాయువును సురక్షితంగా నిలువచేసి వాడే పద్ధతులు కనిపెట్టిన ఈ స్వీడన్ ఇంజనీరు, 1912లో అసిటిలీన్ పరీక్షలో జరిగిన పేలుడు వల్ల చూపు కోల్పోయాడు. ఆ సంవత్సరమే ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఎండ విషయంలో లోపం బోర్డుది మాత్రమే కాదు, పాఠానిది కూడా. ఘనపరిమాణం మారనపుడు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని పాఠం చెబుతుంది. దాని ప్రకారం 27 డిగ్రీల దగ్గర 150 ఉన్న ఆక్సిజన్ పీడనం 57 డిగ్రీలకు 165 అవుతుంది. పెరుగుదల పదోవంతు మాత్రమే. తెలివైన విద్యార్థి దీనిని చూసి ఎండ వల్ల పెద్ద ప్రమాదం లేదనుకోవచ్చు. కాని ఎల్.పి.జి.లో ఒక భాగమైన ప్రొపేన్ బాష్పపీడనం అదే 30 డిగ్రీల తేడాకు దాదాపు రెట్టింపవుతుంది. ద్రవం ఉన్న పాత్రకు ఆదర్శ వాయువు నియమం వర్తించదు. పైగా ద్రవం కూడా వ్యాకోచిస్తుంది. సిలిండరును పూర్తిగా నింపక, పైన కొంత చోటు వదలటం ఇందుకే.

బొగ్గుపులుసు వాయువు ఇంకా మంచి ఉదాహరణ. 1869లో బెల్‌ఫాస్టు ఆచార్యుడు థామస్ ఆండ్రూస్ ఈ వాయువుకు సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీలని ప్రకటించాడు. అంతకు మించితే ఎంత నొక్కినా అది ద్రవంగా ఉండదు. ఆ ఉష్ణోగ్రత దాటిన సిలిండరులో ద్రవమన్నదే మిగలదు, పీడనం త్వరత్వరగా పైకి పోతుంది. రెంటచింతలలోను, రామగుండంలోను వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అనగా ఆండ్రూస్ ప్రయోగం ఆ ఊళ్ళ సోడా దుకాణాలలో ప్రతి వేసవిలోను జరుగుతూనే ఉన్నది. పాఠ్యగ్రంథంలో మాత్రం అది గాజుగొట్టంలోనే ఉండిపోయింది.

చివరకు ‘ఖాళీ’ అన్న మాటను కూడా విమర్శించక తప్పదు. వాడటం పూర్తయిన ఎల్.పి.జి. సిలిండరు నిజంగా ఖాళీ కాదు. బయటి గాలి పీడనంతో సమానమైన పీడనంలో దాని నిండా మండే బాష్పం ఉంటుంది. కవాటం తెరచి వదిలితే ఆ బాష్పం బయటికి, గాలి లోపలికి చేరుతాయి, కొంతసేపటికి పాత్రలో మండే మిశ్రమం తయారు కావచ్చు. ‘ఖాళీ’ అన్న మాట మనిషిని నిర్లక్ష్యానికి పురికొల్పుతుంది. ‘వాడినది, కవాటం మూసి ఉంచవలెను’ అనటం యథార్థానికి దగ్గర.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. బోర్డు పాఠ్యగ్రంథం కాదు, పనిలో ఉన్నవానికి చదివే తీరిక ఉండదు, అటు పాఠ్యగ్రంథం పనిముట్ల పుస్తకంగా మారరాదు అని. ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే కావలసింది పేజీలు కాదు, ఆజ్ఞకు తోడు ఒక్క వాక్యం. ‘నూనె పూయరాదు, ఆక్సిజన్‌లో నూనె నిప్పు లేకుండానే అంటుకొనును.’ ‘నిలువుగా ఉంచి వాడవలెను, పడుకొని ఉన్న అసిటిలీన్ సిలిండరు నుండి అసిటోన్ బయటికి వచ్చును.’ ఇంతటి వాక్యానికి ఏ బోర్డుమీదనైనా చోటుంటుంది.

పాఠం వైపు చేయవలసిన మార్పు కూడా స్వల్పమే. వాయు నియమాల లెక్కలు సాధారణంగా ‘ఒక పాత్రలో కొంత వాయువు’ అని మొదలవుతాయి. ఆ పాత్రకు పేరు పెట్టి, అది 47 లీటర్ల ఆక్సిజన్ సిలిండరని చెబితే నియమం చెడదు, లెక్క కష్టం కాదు. నియమం ఎక్కడ పనిచేస్తుందో, ద్రవం ఉన్నచోట ఎందుకు పనిచేయదో రెండూ చెప్పినపుడే పాఠం పూర్తయినట్లు. ఉపాధ్యాయుడు పాఠ్యగ్రంథం మారేవరకు ఆగనక్కరలేదు. నల్లబల్లమీద సిలిండరు బొమ్మ గీసి, పైన చెప్పిన మూడు లెక్కలు చేయించటానికి ఒక్క పీరియడు చాలు.

ఈ తరగతులలో కూర్చున్న పిల్లలలో కొందరు రెండు మూడేళ్ళలో వెల్డింగు షాపులలోను, హోటళ్ళలోను, ఆసుపత్రులలోను సిలిండరు మీద చేయి వేయబోయేవారే. వారిలో చాలామందికి వాయువుల గురించి విధివిధానంగా చెప్పే చివరి మనిషి వారి సైన్సు ఉపాధ్యాయుడు. బాయిల్ నియమం పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెడుతుంది. అదే నియమం ఏ ఇనుపపాత్రలో దాగి ఉన్నదో చెబితే అది ప్రాణాన్ని కూడా కాపాడుతుంది.