సాకెట్ బిగించే చేతులు

వాషింగ్ మెషీన్ పెట్టే మూల మామూలు చోటు కాదు. నీళ్లూ కరెంటూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. తడి చేతులతో, ఒట్టి కాళ్లతో నిలబడతాం. అక్కడ సాకెట్‌ను సరిగ్గా బిగించే ఎలక్ట్రీషియన్ అంటే నాకు గొప్ప గౌరవం.

మంచి పనివాడు ముందు కుళాయి ఎక్కడుందో చూస్తాడు. పైపు ఊడి నీళ్లు చిమ్మినా తగలనంత ఎత్తున, పక్కకు జరిపి సాకెట్ పెట్టె బిగిస్తాడు. నీళ్లు వేడిచేసే మెషీన్ సుమారు 2000 వాట్లు లాగుతుంది, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. అందుకే ఫ్యాన్ల లైను ముట్టుకోడు. విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికో ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్.

అసలు పనితనం ఎర్త్ దగ్గర తెలుస్తుంది. ప్లగ్గులో లావాటి పిన్ను మిగతా రెంటికంటే పొడవు. ముందు తగిలేదీ, చివర ఊడేదీ అదే. ఎర్త్ లేని పాత ఇళ్లలో సాకెట్‌లో ఆ పిన్ను తగిలే చోటును న్యూట్రల్‌కు కలిపేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. సాకెట్‌కు వచ్చే న్యూట్రల్ తెగితే మెషీన్ రేకంతా కరెంటే! మంచివాడు దానికి చచ్చినా ఒప్పుకోడు. ఖర్చని ఇంటివాళ్లు సణిగినా పెరట్లో ఎర్త్ గొయ్యి తీయిస్తాడు. ఆ పట్టుదలకు దండం పెట్టాలి.

30 మిల్లీఆంపియర్ల లీకేజీకే లైను ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టి, టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తాడు. స్క్రూలు మళ్లీ బిగిస్తాడు. వదులైన చోటే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ తర్వాతే, “ఇక మెషీన్‌లో బట్టలేయండమ్మా” అంటాడు.