కత్తి పదునూ ఇహ్సానే

నమాజు మతమట, దర్గా ఆధ్యాత్మికతట. ఈ పంపకం మాకు ఎవరు చేసిపెట్టారు? మౌలాలీ గుట్ట ఎక్కే హిందువులను చూసి సెక్యులర్ దోస్తులు మురిసిపోతారు, ఖవ్వాలీకి తలూపుతారు. అదే గుట్ట దిగి అయిదు పూటలా నమాజు చదివే మనిషి కనపడగానే, 'కొంచెం మతం ఎక్కువే' అంటారు. ఇటు మా సంస్కర్తలకు గుట్ట మీది మొక్కు షిర్క్. వాళ్ల ఇస్లాహ్ గడ్డం పొడుగు దగ్గర మొదలై పైజామా పొట్టి దగ్గర ఆగుతుంది. చెరో ముక్క పట్టుకుని ఇదే అసలు ముస్లిం అంటున్నారు ఇద్దరూ.

మా సాహిత్యం దీన్ని ఎదిరించిందా? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' మమ్మల్ని అనుమానించేవాళ్లను నిలదీసింది. 1998లో 'జల్‌జలా' ఇంటి లోపలి పెత్తనాన్ని కూడా వదల్లేదు. 2004లో 'వతన్' కథలు మా ఉర్దూ కలిసిన తెలుగును అచ్చులోకి తెచ్చాయి. చిన్న పనులు కావివి. అయితే వీటిలో బాధపడే ముస్లిం కనిపించినంతగా నమ్మే ముస్లిం కనిపించడు. తన నఫ్స్‌తో తాను పడే పెనుగులాట, కోపం దిగమింగడం, తూకంలో చెయ్యి తేలిపోకుండా ఆపుకోవడం... ఇదంతా బయాన్ చెప్పేవాళ్లకు వదిలేసినట్టుంది.

చెంగిచెర్లనే తీసుకోండి. బయటివాళ్లకు ఆ పేరు చెబితే గుర్తొచ్చేది కబేళా. 1999లో మొదలైన జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా అక్కడే. జంతువును కోసే ఖురేషీలో ఆధ్యాత్మికత వెతకాలని ఎవరికీ తోచదు. (అహింసకూ కులం ఉంది, అది వేరే వ్యాసం.) కానీ సహీ ముస్లిం హదీసు సంపుటి ఏం చెబుతోంది? అల్లా ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను విధించాడనీ, హలాల్ చేసేటప్పుడు కూడా అది తప్పదనీ, కత్తి పదును పెట్టి జంతువు బాధ తగ్గించాలనీ. దాని కళ్లెదుట కత్తి నూరకూడదనీ, ఒకదాని ముందు ఇంకొకదాన్ని కోయకూడదనీ ఉలమాలు చెప్పేదీ ఇందుకే.

మరి ఇహ్సాన్ అంటే? జిబ్రీల్ హదీసులో ఇస్లాం, ఈమాన్‌ల తర్వాత వచ్చే మూడో మాట. అల్లాను చూస్తున్నట్టే ఇబాదత్ చేయడం, నువ్వు చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడన్న ఎరుక. సూఫీలు తమ దారికి పునాదిగా చూపేది ఈ మాటనే. రూహానియత్‌కు ఏ పేరో కత్తి పదునుకూ అదే పేరు. దీన్ని మతమనే గంపలో వేస్తారా, ఆధ్యాత్మికత గంపలోనా?

తెల్లారకముందే బిస్మిల్లా అని కత్తి పట్టే మనిషి, బేరం తొందరలో పదును చూసుకోని రోజు లోపల్లోపల నలిగే మనిషి ఇంకా మా కథల్లోకి రావాల్సే ఉంది. గడ్డం కొలిచేవాళ్లకూ ఖవ్వాలీ వినేవాళ్లకూ ఆ నలుగుడు కనపడదు. వచ్చే సంకలనానికి కథ రాసే మిత్రులు ఒక తెల్లవారుజామున చెంగిచెర్ల దాకా వెళ్లి రావాలి. ఉప్పల్ నుంచి ఎంతో దూరం లేదు.